పారిష్ హాల్లో స్కాలర్‌షిప్ డిన్నర్: వంటకి ఫుల్ మార్కులు, మైకుకి సున్నా

ముందే చెప్పేస్తున్నా, నేను కాథలిక్‌ని కాదు, చర్చికి వెళ్ళే అలవాటూ లేదు, అయినా రెండేళ్ళుగా ఈ డిన్నర్‌కి టికెట్ కొంటున్నా. దానికి కారణం మా ఫ్రెండ్ వాళ్ళావిడ. వాళ్ళది ఆర్సీఎం (రోమన్ కాథలిక్) కుటుంబం, అమెరికా వచ్చి పదిహేనేళ్ళైనా చర్చిలో చేసే ఆరాధనకి ఆవిడ నోట మాస్ అనే మాట రాదు, పూజకెళ్ళొచ్చాం అనే అంటుంది, ఇక్కడి ఫాదర్ ఆరడుగుల తెల్లాయనైనా ఆవిడకి మాత్రం విచారణ గురువులే. కాలేజీలో చేరే పిల్లలకి స్కాలర్‌షిప్‌లు ఇవ్వడానికి వాళ్ళ చర్చి ఏటా ఒక డిన్నర్ పెడుతుంది, ఈవిడ ఆ కమిటీలో ఉంది, "తమ్ముడూ, మూడు టికెట్లు నీ పేరున రాసేశాను, డబ్బులు నిదానంగా ఇద్దువులే" అని ఫోన్ చేస్తే ఇంక కాదనేదేముంది.

చర్చి పేరూ ఊరి పేరూ రాయట్లేదు. తిట్టాల్సినవి కొన్ని ఉన్నాయి, వండినవాళ్ళూ వడ్డించినవాళ్ళూ వారం వారం సరుకులకెళ్ళే కాస్ట్‌కో స్టోర్‌లో ఎదురుపడేవాళ్ళు, మొహమాటం.

పోయినేడాది ఇదే డిన్నర్ ఒక హోటల్ బాల్‌రూమ్‌లో పెట్టారు. టికెట్ 175 డాలర్లు, టేబుల్ మొత్తం కొంటే 1,750. కోటు వేసుకోవాలి, ఫోన్లో ఏదో యాప్ దింపుకుని సైలెంట్ ఆక్షన్‌లో, అంటే కేకలేమీ లేకుండా ఫోన్లోనే జరిగే వేలంలో, పాట పాడాలి, నాలాంటి వెజిటేరియన్‌కి మాత్రం పళ్ళెం మధ్యలో ఒక పెద్ద పుట్టగొడుగు బోర్లించి పెట్టారు, దాని చుట్టూ గోధుమరంగు చుక్కలు, అంతే భోజనం. ఇంటికొచ్చి పెరుగన్నం తిన్నాం. పైగా ప్యాడిల్ రెయిజ్ అని ఒకటుంటుంది, తెలియనివాళ్ళకి చెప్తా, మన చేతికి నంబరున్న అట్టముక్క ఒకటిస్తారు, స్టేజీ మీద ఆక్షన్ ఆయన అయిదు వేల దగ్గర మొదలెట్టి అంత ఇచ్చేవాళ్ళు ఎత్తండి అంటాడు, తర్వాత రెండున్నర వేలు, వెయ్యి, అయిదొందలు, అలా దిగుతూ వంద దాకా వస్తాడు, ఎవరు ఎక్కడ ఎత్తారో హాలంతా చూస్తూ ఉంటుంది. నేను వంద దగ్గర ఎత్తాను. మా ఆవిడ "ఏవండీ, సగం పైకెత్తి ఆపేశారేంటి, ఎత్తితే సరిగ్గా ఎత్తండి" అంది. ఏం చెప్పను, వంద డాలర్లకి చెయ్యి అంతే లేస్తుంది.

ఈ ఏడాది హోటల్ వద్దనుకుని చర్చి వాళ్ళ స్కూలు జిమ్‌లోనే పెట్టారు, టికెట్ 80. శనివారం సాయంత్రం అయిదింటి పూజ అయ్యాక ఆరున్నరకి డిన్నర్ అని కార్డులో వేశారు, పూజకి వెళ్ళినవాళ్ళు అలా నడిచొచ్చేశారు, మాలాంటివాళ్ళం పార్కింగ్ కోసం మూడు చుట్లు కొట్టాం. కాబట్టి ఈ రివ్యూలో మొదటి కంప్లయింట్ పార్కింగ్, పూజకొచ్చిన కార్లు కదలకముందే డిన్నర్ కార్లు రావడం ఏం ప్లానింగో.

లోపలికెళ్ళగానే గుమ్మం పక్కన జోజప్పగారి (సెయింట్ జోసెఫ్) బొమ్మ, దాని పక్కనే వాలీబాల్ నెట్ చుట్టి పెట్టారు. బిషప్ గారికి వేసిన హెడ్ టేబుల్ సరిగ్గా బాస్కెట్‌బాల్ హూప్ కిందుంది, పైకి చూస్తే మా అమ్మాయికి నవ్వు ఆగలేదు. ప్లాస్టిక్ టేబుళ్ళు, వాటి మీద తెల్ల కాగితం, కాగితం మీద క్రేయాన్లు పడేశారు, పిల్లలు గీసుకోవడానికి. హోటల్ వాళ్ళ పూల కుండీల కన్నా ఈ క్రేయాన్ల ఐడియా ఎవరిదోగానీ దండం పెట్టాలి, స్పీచులు మొదలయ్యాక పెద్దవాళ్ళు కూడా గీయడం మొదలెట్టారు.

వంట నైట్స్ ఆఫ్ కొలంబస్ వాళ్ళది. ఇది కాథలిక్ మగాళ్ళ సంఘం, 1882లో కనెటికట్‌లోని న్యూ హేవెన్‌లో మెక్‌గివ్నీ అనే ఫాదర్ మొదలుపెట్టింది, సంపాదించేవాడు హఠాత్తుగా పోతే భార్యాపిల్లలు రోడ్డున పడకుండా సభ్యులంతా చందాలేసుకుని ఆదుకోవాలని. ఇప్పుడది పెద్ద ఇన్సూరెన్స్ వ్యవహారం అయిపోయిందిగానీ ఇక్కడ జనానికి వాళ్ళు తెలిసేది మాత్రం పాన్‌కేక్ బ్రేక్‌ఫాస్టులతోనూ, తపస్సుకాలంలో, అంటే ఈస్టర్ ముందొచ్చే ఉపవాస రోజుల్లో, శుక్రవారాలు వేసే చేపల వేపుడుతోనూ. డెబ్బై దాటిన తాతలు ఏప్రన్లు కట్టుకుని పొద్దున్నే నాలుగింటి నుంచి మాంసం పొగ పెడుతున్నారట. నేను తినను కాబట్టి దాని గురించి చెప్పే అర్హత లేదు, మా ఫ్రెండ్ మాత్రం మూడోసారి లైన్లో నిలబడ్డాడు, అదే రివ్యూ అనుకోండి. నాకు బేక్డ్ జీటీ, అంటే గొట్టాల్లాంటి పాస్తాకి టమాటా సాసూ చీజూ వేసి అవెన్‌లో కాల్చింది, ట్రే నుంచి తీస్తుంటే అంచు కరకరమనాలి చూడండి, అలా ఉంది. గ్రీన్ బీన్స్‌లో బేకన్ ఉందని ముందే చీటీ రాసి పెట్టారు, వెజ్‌కి వేరే గిన్నె, వేరే గరిటె. పోయినేడాది పుట్టగొడుగు తిన్నవాళ్ళెవరో గట్టిగానే మొరపెట్టుకున్నట్టున్నారు. ఒక్క సంగతి, ఆ వెజ్ ట్రే దగ్గర వెజ్ కానివాళ్ళు కూడా దూరిపోతారు, ఏడుంపావుకల్లా అడుగు కనబడింది, తర్వాత వెళ్ళినవాళ్ళకి సలాడూ బ్రెడ్డే గతి.

డెజర్ట్ డాష్ అనే ఆట గురించి చెప్పకపోతే పాపం. చర్చి ఆడవాళ్ళు ఇళ్ళల్లో చేసుకొచ్చిన కేకులూ పైలూ ఒక పొడుగు బల్ల మీద పెడతారు, ప్రతి టేబుల్ వాళ్ళూ తలా కొంత వేసి కవరులో పెట్టి ఇస్తారు, ఎక్కువ వేసిన టేబుల్‌ని ముందు పిలుస్తారు, పిలవగానే ఒకడు పరిగెత్తుకెళ్ళి నచ్చింది ఎత్తుకురావాలి. మెక్సికన్ కుటుంబం ఒకటి తెచ్చిన త్రెస్ లెచెస్ అనే పాల కేకు మీద అందరి కళ్ళూ ఉన్నాయి. మా టేబుల్ 145 డాలర్లు వేసి చాలా గొప్పగా ఫీలయ్యాం, తీరా చూస్తే మాది కింద నుంచి రెండోది. మా వంతు వచ్చేసరికి బల్ల మీద ఆకుపచ్చ జెల్లో ఒకటీ, ఎవరో పాపం షుగర్ లేకుండా చేసిన ఆపిల్ పై ఒకటీ మిగిలాయి. మా అమ్మాయి పరిగెత్తి మరీ జెల్లో తెచ్చింది. ఆ ఆటలో వచ్చిన డబ్బు పైసాతో సహా స్కాలర్‌షిప్ ఫండ్‌కే, కేకులకి ఖర్చు లేదు, నా లెక్కలో ఆ రాత్రి మొత్తంలో తెలివైన ఐటం అదే.

ఇక మైకు. దేవుడా. జిమ్‌లో గోడలన్నీ గట్టివి, మాట పైకెళ్ళి తిరిగొచ్చి ఇంకో మాటని గుద్దుకుంటుంది, బిషప్ గారు భోజనానికి ముందు చేసిన ప్రార్థనలో చివర ఆమెన్ తప్ప నాకేం వినబడలేదు, అందరూ సిలువ గుర్తు వేసుకుంటే అయిపోయిందనుకున్నాం. తర్వాత మాట్లాడిన పెద్దాయన నయం, మైకు పక్కన పెట్టి గొంతెత్తి మాట్లాడాడు, ఆల్ స్మిత్ గురించి. కాథలిక్ చారిటీ డిన్నర్ అంటే ఈ దేశంలో అందరికీ గుర్తొచ్చేది ఆయన పేరు మీద పెట్టే డిన్నరే కదా, న్యూయార్క్‌లో అక్టోబర్‌లో జరిగేది, 1940ల నుంచీ ఉంది, ఎలక్షన్ ఏడాదైతే మామూలుగా ప్రెసిడెంట్ అభ్యర్థులిద్దరూ వచ్చి ఒకే వేదిక మీద ఒకరి మీద ఒకరు జోకులేసుకుంటారు, 1960లో కెనడీ, నిక్సన్ ఇద్దరూ వెళ్ళారు. ఆ ఆల్ స్మిత్ న్యూయార్క్‌కి గవర్నర్‌గా నాలుగుసార్లు గెలిచినవాడు, 1928లో పెద్ద పార్టీ తరఫున ప్రెసిడెంట్‌కి నిలబడ్డ మొదటి కాథలిక్, ఓడిపోయాడనుకోండి. తండ్రి పోతే చిన్నప్పుడే బడి మానేసి ఫుల్టన్ చేపల మార్కెట్లో పనికెళ్ళాడు, చదువేంటని అడిగితే నా డిగ్రీ ఎఫ్ఎఫ్ఎం, ఫుల్టన్ ఫిష్ మార్కెట్ అనేవాడట. హాలంతా నవ్వింది. నా పక్కనున్న రిటైర్డ్ టీచరమ్మ మాత్రం నవ్వకుండా, అప్పట్లో డిగ్రీ లేకపోయినా గవర్నర్ అవ్వొచ్చు, ఇప్పుడు రిసెప్షనిస్టు ఉద్యోగానికీ అడుగుతున్నారు అంది. కరెక్టే కదా.

స్కాలర్‌షిప్ వచ్చిన పిల్లల్లో ఇద్దరితో మాట్లాడించారు. నాకు నచ్చనిది ఇక్కడే ఉంది. మొదటి అబ్బాయి చేత వాళ్ళ ఇంటి సంగతులన్నీ చెప్పించారు, నాన్న ఎప్పుడు వెళ్ళిపోయాడో, అమ్మ ఎన్ని ఉద్యోగాలు చేస్తుందో, అద్దె ఎన్ని నెలలు ఆగిందో. ఆ కుర్రాడు కాగితంలోంచి తల ఎత్తలేదు. వాళ్ళమ్మ మా పక్క టేబుల్లోనే కూర్చుని ఉంది, న్యాప్‌కిన్ మడుస్తూ విప్పుతూ ఉంది. జనం కళ్ళు తుడుచుకుంటే కవర్లు బరువెక్కుతాయని తెలుసు, హోటల్లో కూడా సరిగ్గా ఇదే చేశారు, అయినా డబ్బిచ్చినందుకు ఇంట్లో గిన్నెలన్నీ తెచ్చి వీధిలో పరిచి చూపించమన్నట్టుంది. రెండో అమ్మాయి నర్సింగ్ రెండో ఏడు, అస్సలు ఇంటి ఊసే ఎత్తలేదు, అనాటమీ ల్యాబ్‌లో మొదటిసారి గుండెని చేతిలో పట్టుకుంటే అది తను అనుకున్నదానికన్నా చిన్నగా ఉందనీ, అది చూశాక రాత్రంతా నిద్ర పట్టలేదనీ రెండు నిమిషాలు చెప్పి, థాంక్యూ చెప్పి, దిగిపోయింది. మైకు అంత దరిద్రంగా ఉన్నా హాల్లో చప్పుడు లేదు. కారెక్కాక మా అమ్మాయి "నాన్నా, ఆ అక్కకి ఎక్కువ ఇవ్వొచ్చా?" అని అడిగింది. ఈ ఫండ్ ద్వారా అయితే ఇవ్వలేం. ఫలానా వాళ్ళకే అని చెప్పి ఇస్తే ఇక్కడి టాక్స్ రూల్ ప్రకారం అది చారిటీ కింద రాదు, మనిషికిచ్చిన గిఫ్ట్ అవుతుంది, ఫండ్‌కి ఇస్తే ఎవరికివ్వాలో కమిటీ తేల్చాలి. వదినని, అంటే మా ఫ్రెండ్ వాళ్ళావిడని, అడిగితే ఆవిడా అదే చెప్పింది.

టాక్స్ మాట వచ్చింది కాబట్టి మనవాళ్ళు ఎక్కువగా పొరబడేది చెప్తా. 80 డాలర్ల టికెట్ కొంటే 80 మొత్తం డిడక్షన్ కాదు, అంటే టాక్స్ లెక్కలో ఆదాయంలోంచి అంతా తీసేయలేం. మనం తిన్న భోజనం విలువ తీసేయాలి, టికెట్ 75 డాలర్లు దాటితే ఆ విలువ ఎంతో వాళ్ళే రాసివ్వాలి, ఇక్కడి టాక్స్ శాఖ ఐఆర్ఎస్ రూలది. మాకిచ్చిన రసీదులో భోజనం విలువ 25 అని ఉంది, అంటే 55 మాత్రమే విరాళం. పోయినేడాది హోటల్ రసీదులో 175కి 90 భోజనం కింద పోయింది, ఆ పుట్టగొడుగు 90 డాలర్లు, రాసుకోండి. తాతలు ఊరికే వండారు కదా భోజనం విలువ సున్నా కాదా అని నేను వాదించబోతే కమిటీలో లెక్కలు చూసే ఆవిడ, వాళ్ళకెంత ఖర్చయిందన్నది కాదు, బయట అదే భోజనం ఎంతుంటుందో అది లెక్క అని కూర్చోబెట్టి చెప్పింది. ర్యాఫిల్ (లక్కీ డ్రా) టికెట్లకి అసలు డిడక్షన్ లేదు, ఆక్షన్‌లో కొన్న వస్తువుకైతే దాని అసలు ధర పైన ఎంత ఎక్కువ పెట్టామో అంతవరకే. ఇదంతా ఐటమైజ్ చేసేవాళ్ళకి, అంటే ఒక్కో ఖర్చూ విడిగా చూపించి టాక్స్ తగ్గించుకునేవాళ్ళకి, 2026 నుంచైతే స్టాండర్డ్ డిడక్షన్ (ఖర్చులు చూపించకుండానే ఇచ్చే స్థిరమైన తగ్గింపు) తీసుకునేవాళ్ళు కూడా డబ్బు రూపంలో ఇచ్చిన విరాళాలకి 1,000 డాలర్ల దాకా, జాయింట్‌గా ఫైల్ చేస్తే 2,000 దాకా తగ్గించుకోవచ్చు. ఆఫీసు మ్యాచింగ్, అంటే మనమిచ్చిన విరాళానికి కంపెనీ కూడా కలిపి ఇచ్చే డబ్బు, దాని మీద ఆశ పెట్టుకోకండి, మా కంపెనీ పోర్టల్లో చర్చిలకి మ్యాచింగ్ లేదు, ముందే చూసుకోండి.

ఇదే ఆవిడని, అదే లెక్కలావిడని, నేను ఇంకోటి కూడా అడిగా, అడగడానికి నా స్వార్థం ఉంది, మా అమ్మాయి పదకొండో క్లాసు. మీరిచ్చే 2,500 డాలర్ల స్కాలర్‌షిప్ పిల్లవాడి చేతికి నిజంగా అందుతుందా అని. ఎందుకంటే చాలా కాలేజీల్లో ఒక తిరకాసు ఉంది, బయట నుంచి స్కాలర్‌షిప్ వచ్చిందని తెలియగానే కాలేజీ తనిచ్చే గ్రాంట్ అంత మేర కోసేస్తుంది, అంటే జనం భోజనం చేసి పోగేసిన డబ్బు చివరికి కాలేజీ ఖజానాకి పోతుంది, పిల్లవాడి ఫీజు మాత్రం అలాగే ఉంటుంది. స్కాలర్‌షిప్ డిస్‌ప్లేస్‌మెంట్ అంటారు దీన్ని. మేరీలాండ్ 2017లో తమ పబ్లిక్ కాలేజీల్లో దీన్ని కట్టడి చేస్తూ చట్టం తెచ్చింది, అలా చేసిన మొదటి రాష్ట్రం అదే, తర్వాత ఇంకొన్ని రాష్ట్రాలు అదే దారి పట్టాయి, అన్నిచోట్లా లేదు. ఆవిడ తడబడుతుందేమో అనుకున్నా, అస్సలు లేదు, చెక్కు పంపేముందు ప్రతి కాలేజీలో ఆర్థిక సాయం చూసే ఎయిడ్ ఆఫీసుకీ ఫోన్ చేస్తారట, గ్రాంట్ కోస్తామంటే ముందు లోన్ తగ్గించమని అడుగుతారట, దానికీ ఒప్పుకోకపోతే ఆ ఏడాదికి ఆపి వచ్చే సెమిస్టర్‌లో పుస్తకాలకిస్తారట. ట్యూషన్, ఫీజులు, పుస్తకాలకి వాడితే ఆ స్కాలర్‌షిప్ మీద టాక్స్ ఉండదు, హాస్టలు, తిండికి వాడితే ఉంటుంది, అది కూడా పిల్లలకి కాగితం మీద రాసిస్తారట. ఈ ఒక్క జవాబుకే నేను టికెట్ డబ్బులు గిట్టాయనుకున్నా. హోటల్లో ఇదే ప్రశ్న అడిగితే చేతిలో గ్లాసున్న ఒకాయన నా భుజం తట్టి, అన్నీ పిల్లలకే వెళ్తాయి అని నవ్వాడు.

ఇంకో విషయం, హెచ్4 (హెచ్1బీ ఉద్యోగుల కుటుంబాలకిచ్చే వీసా) మీదున్న పిల్లల తల్లిదండ్రులు ఇది చదవండి. ఫాఫ్సా అనే ప్రభుత్వ సాయం దరఖాస్తుతో వచ్చే ఫెడరల్ డబ్బు, తిరిగి కట్టక్కర్లేని పెల్ గ్రాంట్ లాంటివి (2025-26లో ఎక్కువలో ఎక్కువ 7,395 డాలర్లు) సిటిజన్లకీ, గ్రీన్‌కార్డు లాంటి కొన్ని స్టేటస్‌లున్న వాళ్ళకీ తప్ప రావు. మన పిల్లలు ఇక్కడే ఒకటో క్లాసు నుంచి చదివినా రావు. ఇలాంటి ప్రైవేటు ఫండ్‌లకి ఆ షరతు ఉండాలని లేదు, ఎవరి రూలు వాళ్ళది. ఈ చర్చి ఫారంలో స్టేటస్ అడగలేదు, కాథలిక్ అయ్యుండాలనీ లేదు, సగం స్కాలర్‌షిప్‌లు పారిష్ పిల్లలకి, అంటే ఆ చర్చికి చెందిన కుటుంబాల పిల్లలకి, వాళ్ళు ఫాదర్ దగ్గర ఉత్తరం తెచ్చుకోవాలి, మిగతా సగం చుట్టుపక్కల హైస్కూళ్ళలో ఎవరైనా పెట్టుకోవచ్చు. ఈ విషయం హాల్లో ఒక్కరూ స్టేజీ మీద చెప్పలేదు, నాకు ఫారం వెనకాల చూస్తే తెలిసింది. మీకు తెలిసిన చర్చివాళ్ళ ఫారం ఉంటే వెనక పేజీ కూడా తిప్పండి.

పెద్ద ఎత్తున జరిగేవి కూడా ఉన్నాయి. వాషింగ్టన్‌లోని కాథలిక్ యూనివర్సిటీ ఆఫ్ అమెరికాకి స్కాలర్‌షిప్ డబ్బుల కోసం అమెరికన్ కార్డినల్స్ డిన్నర్ అని 1989లో మొదలుపెట్టారు, దేశంలోని కార్డినల్స్, అంటే పోప్ తర్వాతి స్థాయి పెద్దలు, వస్తారు. మా ఫ్రెండ్ ఎప్పటికైనా దానికి వెళ్ళాలంటాడు. నాకైతే బిషప్ గారు హూప్ కింద కూర్చుని కాగితం పళ్ళెంలో బీన్స్ తినడమే బాగుంది.

హోటల్ పద్ధతిలో ఒక లాభం ఉందని ఒప్పుకోవాలి. ప్యాడిల్ ఎత్తించుకునే సిగ్గులో జనం జేబులు బాగానే ఖాళీ అయ్యాయి, ఈసారి టేబుల్ మీద కవర్లు పెట్టి ఎవరికి వాళ్ళు వెయ్యమన్నారు, ఎవరూ చూడట్లేదు కదా అని కొందరు నిజంగానే ఏమీ వెయ్యలేదు, మా టేబుల్లోనే చూశా. వారం తర్వాత వచ్చిన ఈమెయిల్లో మొత్తం వసూళ్ళు పోయినేడాది కన్నా తక్కువేనని రాశారు, హాలు అద్దె, వడ్డించేవాళ్ళ ఖర్చు లేకపోవడంతో మిగిలింది మాత్రం ఎక్కువ, పోయినేడాది తొమ్మిదిమందికిచ్చారు, ఈసారి పదకొండుమందికి. ఖర్చు ఎంత, మిగులు ఎంత అని ఇలా రెండు లైన్లలో రాసి పంపే చారిటీని నేను ఇంతవరకూ చూడలేదు, నేను చూసినవి పదో పదిహేనో అనుకోండి.

లోటు ఇంకొకటి ఉంది, అది మైకు కన్నా పెద్దది. ఈ 2,500 మొదటి ఏడాదికి మాత్రమే. రెండో ఏడు మళ్ళీ పెట్టుకోవడానికి లేదు. ఆ నర్సింగ్ అమ్మాయికి పోయినేడాది వచ్చింది, ఈ ఏడాది వాళ్ళ దగ్గర్నుంచి ఏమీ లేదు, మాట్లాడటానికి మాత్రం పిలిచారు. మొదటి ఏడాది ఎలాగోలా అందరూ సాయం చేస్తారు, గ్రాడ్యుయేషన్ పార్టీ కవర్లుంటాయి, కాలేజీ కూడా చేర్చుకోవడానికి ఏదో ఒకటిస్తుంది, గొంతుకి చుట్టుకునేది రెండో ఏడాదిలోనే. పదకొండుమందికి ఒక్కో ఏడాది ఇచ్చే బదులు ఇంచుమించు అదే డబ్బుతో ముగ్గురికి నాలుగేళ్ళు ఇవ్వొచ్చు కదా అంటే వదిన, "స్టేజీ మీద ముగ్గుర్ని నిలబెడితే టికెట్లు అమ్ముడవ్వవు తమ్ముడూ" అంది. ఆవిడ అన్నదీ అబద్ధం కాదు. బయట సలహాల పెట్టెలో చీటీ రాసి వేశా, రెండో ఏడాది పిల్లలకి కొన్నైనా ఉంచండని, కింద ఈమెయిల్ కూడా రాశా. మూడు వారాలైంది, ఇంకా జవాబు లేదు. రాగానే ఇక్కడే కింద రాస్తా.

రేటింగ్ అంటే భోజనానికి 5కి 5, లెక్కల పారదర్శకతకి 5, మైకుకి 0, పార్కింగ్‌కి 1. వెజ్ వాళ్ళు ఆరున్నరకే వెళ్ళి లైన్లో నిలబడండి, డెజర్ట్ డాష్‌కి టేబుల్ వాళ్ళంతా ముందే మాట్లాడుకుని 400 తక్కువ కాకుండా వెయ్యండి, జిమ్‌లో ఏసీ గట్టిగా వేస్తారు, స్వెటర్ తీసుకెళ్ళండి.